రెండో కన్ను

“అగర్ ఎంత మందం పోశావమ్మా?”

పోస్టరు పక్కన నిలబడ్డ అమ్మాయి ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. అడుగుతారనుకున్నవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఆ బ్యాక్టీరియా ఏ జాతిది, ఏ మందుకు ఎంత వలయం వచ్చింది, దీనివల్ల సమాజానికి ఉపయోగమేమిటి. అగర్ మందం మాట మాత్రం ఎవరూ ఎత్తి ఉండరు.

“పదిహేను ఎంఎల్ మేడమ్” అంది.

“ఎంఎల్ అడగలేదు. మందం.”

అడిగినావిడ రిటైరైన లెక్చరర్. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, వేళ్ల కణుపుల మీదే లెక్క కట్టారు. తొంభై మిల్లీమీటర్ల ప్లేటులో పదిహేను ఎంఎల్ పోస్తే రెండున్నర మిల్లీమీటర్లు కూడా రాదు. ఈ పరీక్షకు ఉండాల్సింది నాలుగు. కాగితం బిళ్లలోని యాంటీబయాటిక్ అగర్‌లో, అంటే బ్యాక్టీరియాను పెంచే గడ్డకట్టిన జెల్లీలో, పక్కకూ పాకుతుంది, కిందికీ దిగుతుంది. కింద చోటు తక్కువైతే పక్కకు ఎక్కువ పాకుతుంది. బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఉండాల్సినదానికన్నా పెద్దదవుతుంది. మందుకు లొంగని మొండి బ్యాక్టీరియా కూడా లొంగినట్టే కనబడుతుంది.

అమ్మాయి పోస్టరు తమ ఊరి పక్క వాగు మట్టిలోంచి తీసిన బ్యాక్టీరియా గురించి. వాటిలో సగానికి పైగా మందులకు లొంగడం లేదని రాసింది. ఆవిడ వలయాల ఫొటోలు ఇంకోసారి చూశారు.

“అంటే నీ వాగు నువ్వు రాసినదానికన్నా చెడ్డదన్నమాట.”

సంగారెడ్డి వైపు ఒక డిగ్రీ కాలేజీ వరండాలో జరిగిందిది. ఒక్కరోజు సదస్సు. గోడ వెంట చెక్క బోర్డులు, వాటికి గుండుసూదులతో గుచ్చిన ఫ్లెక్సీ పోస్టర్లు, ఒక మూల ప్లాస్టిక్ డ్రమ్ములో మంచినీళ్లు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం మందుల కంపెనీల మైక్రోబయాలజీ ల్యాబుల్లో నా ఉద్యోగం చాలావరకు గడిచింది. ఆ పనితనం గురించి రాయమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆటోక్లేవులూ లామినార్ గదులూ కాదు, ఈ వరండా. ఎందుకో చెప్పాలంటే మైక్రోబయాలజీ చేతిపని ఎలాంటిదో కాస్త చెప్పాలి.

ప్లేటు మీద గీత గీయడంతో మొదలుపెడదాం. డిగ్రీ మొదటి ఏడాదిలో నేర్పేది, ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ రోజు బాగోలేకపోతే తప్పేది ఇదే. నైక్రోమ్ తీగ చివర చిన్న ఉంగరం, దాన్ని లూప్ అంటాం. మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, బ్యాక్టీరియాను అంటించుకుని ప్లేటు మీద ఒక పక్క నాలుగు గీతలు. మళ్లీ కాల్చి, ఆ గీతల కొసను ఒక్కసారి తాకి, పక్కకు ఇంకో నాలుగు. మళ్లీ కాల్చడం, మళ్లీ గీయడం. చేటతో చెరగడం చూసినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. ఒక్కో విసురుకూ తాలు పోయి గింజ తేలినట్టు, ఒక్కో విడత గీతకూ బ్యాక్టీరియా పలచబడుతూ పోతుంది. చివరి గీతల్లో ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా పడతాయి. తెల్లారేసరికి ఒక్కో చుక్క ఒక్కో కాలనీ, ఒక్క తల్లి పిల్లలు. చేయి బరువుపడితే అగర్ చిరుగుతుంది. తీగ చల్లారకముందే తొందరపడితే బ్యాక్టీరియా చుయ్యిమని మాడిపోతుంది. కాల్చడం మరిచారా, ప్లేటంతా గడ్డి మొలిచినట్టు ఒకే పొర.

ఇందులో అసలు కష్టం ఇంకొకటి. తప్పు జరిగిన క్షణంలో ఏమీ కనబడదు. కుండ వాలితే కుమ్మరికి చక్రం మీదే తెలుస్తుంది, నూలు తెగితే నేతగాడికి మగ్గం మీదే తెలుస్తుంది. మా పనిలో తప్పు మర్నాడు కనబడుతుంది, ఒక్కోసారి పద్నాలుగు రోజులకు కనబడుతుంది. ఒక్కోసారి ఒప్పు వేషం వేసుకుని కనబడుతుంది. అదే అన్నిటికన్నా ప్రమాదం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అదే జరిగింది. నీటి శాంపిళ్లు చూసే పని అప్పజెప్పారు. ఎంఎల్ నీరు ప్లేటులో వేసి, మీద కరిగించిన అగర్ మీడియా పోసి తిప్పి, గడ్డకట్టాక ఇంక్యుబేటర్లో పెట్టడం. వారం రోజులు వరసగా సున్నా. మందుల కంపెనీలో నీటికి సున్నా కాలనీలంటే పండగే. షిఫ్ట్ ఇన్‌ఛార్జి భుజం తట్టాడు. ఎనిమిదో రోజు మా సీనియర్ అన్న ఒకాయన నా ప్లేట్లు వెలుగుకు పట్టి చూసి, “మీడియా ఎంత వేడి మీద పోసినవ్ రా?” అన్నాడు. నేను ఆటోక్లేవులోంచి తీసి ఇట్టే పోస్తున్నాను. నీళ్లలో ఉన్న బ్యాక్టీరియాను నేనే వండి చంపుతున్నాను. పసిబిడ్డ స్నానానికి నీళ్లు చూసినట్టు సీసాను చెంపకు ఆనించి చూడమన్నాడాయన. చెంప ఓర్చుకుంటే బ్యాక్టీరియా ఓర్చుకుంటుంది. నలభై అయిదు డిగ్రీలు అంటే ఎంతో నాకు ఆరోజు చెంప మీద తెలిసింది. ఆ తర్వాత సున్నా వస్తే సంతోషించడం మానేశాను.

అందుకే ఈ వృత్తిలో రెండో కన్ను అనేది మర్యాద కాదు, పనిముట్టు. ఇంజక్షన్లు చేసే కంపెనీల్లో ఇప్పుడు ఒకరు లెక్కపెట్టిన ప్లేటును మరొకరు మళ్లీ లెక్కపెట్టి సంతకం చేస్తారు. శుద్ధి గదిలో పనిచేసే వాళ్ల చేతి తొడుగులనూ ఇలాగే చూస్తాం. కొత్తకోడలు పసుపు చేతులు గోడకు అద్దినట్టు, ఆపరేటరు ఐదు వేళ్ల కొసలనూ అగర్ మీద మెల్లగా అద్దుతాడు. మందు నింపే చోట పనిచేసిన చేతికి ఒక్క కాలనీ కూడా రాకూడదు. గాలి కోసం తెరిచిపెట్టే ప్లేట్లు నాలుగు గంటలకు మించి ఉండకూడదు, ఆరితే బ్యాక్టీరియా పడ్డా మొలవదు. మీడియా బాగుందో లేదో తేల్చడానికి దానిమీద కావాలనే తెలిసిన బ్యాక్టీరియాను వేస్తాం, అదీ వందకు మించకుండా. కొద్దిమందికే అన్నం పెట్టగలిగితేనే ఆ మీడియా మంచిదని నమ్మకం. లక్షల్లో వేస్తే ఏ నాసిరకం మీడియాలోనైనా మొలుస్తాయి. ఈ చిన్న నియమంలో ఎంత ఆలోచన ఉందో ఎవరైనా కూర్చుని వివరిస్తే మా పిల్లలు ఈ పనిని గుమాస్తా పని అనుకోరు.

చిక్కేమిటంటే ఇంత పనితనమూ గేటు లోపలే ఉండిపోతుంది. ఫోను లాకర్లో పెట్టి లోపలికి వెళ్తాం. ప్లేటు ఫొటో బయటికి రాదు, శాంపిల్ పేరు బయటికి రాదు. ఇస్నాపూర్ చౌరస్తాలో పొద్దున్నే కంపెనీ బస్సుల కోసం నిలబడే వాళ్లలో ఎంతమంది చేతులు ఎంత బాగా గీత గీస్తాయో ఆడిటర్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆడిటరు తప్పు వెతకడానికి వస్తాడు, మెచ్చుకోవడానికి కాదు. రోడ్డుకు ఆ పక్కన డిగ్రీ, పీజీ కాలేజీల పిల్లలు పాత మైక్రోస్కోపుల ముందు వంతులు వేసుకుని నిలబడి ఉంటారు. ఈ రెండు గుంపులూ ఒకే బస్సులో పోతాయి, మాట్లాడుకోవు. మాట్లాడుకునే చోటు సంఘాల సదస్సులే.

దేశంలో ఈ పని చేస్తున్న సంఘాల్లో పాతది అసోసియేషన్ ఆఫ్ మైక్రోబయాలజిస్ట్స్ ఆఫ్ ఇండియా. 1938లో పుట్టింది. 1961 నుంచి ఇండియన్ జర్నల్ ఆఫ్ మైక్రోబయాలజీ అనే పత్రిక నడుపుతోంది. దీని వార్షిక సదస్సు అంగడి లాంటిది, ఏడాదికో ఊరు. 2015లో ఢిల్లీ జేఎన్‌యూ, 2016లో గువాహటి, 2017లో లక్నో. 2018 డిసెంబరులో, 59వ సదస్సుకు, మన వంతు వచ్చింది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆతిథ్యం ఇచ్చింది. రోగకారక జీవికీ, అది సోకిన శరీరానికీ నడిచే పోరు మీద అంతర్జాతీయ గోష్ఠి కూడా దాంతో కలిపి జరిగింది. ఆస్పత్రుల్లో పనిచేసే వైద్య మైక్రోబయాలజిస్టులకు వేరే సంఘం ఉంది, వాళ్ల వార్షిక సదస్సును మైక్రోకాన్ అంటారు. రెండు గుంపుల గొడవా వేరు, భాషా వేరు. ఒకరు రోగి కఫం చూస్తారు, ఇంకొకరు మట్టి, పెరుగు, పులిసిన పిండి, మందు సీసా చూస్తారు.

అంగడి ఊరూరా తిరగడంలో తెలివి ఉంది. ఢిల్లీలో జరిగితే పటాన్‌చెరు పిల్ల వెళ్లలేదు. రైలు టిక్కెట్టు, హాస్టల్, ఇంట్లో అనుమతి, మూడూ ఒకేసారి దొరకవు. గచ్చిబౌలిలో జరిగితే లింగంపల్లి మీదుగా సిటీ బస్సెక్కి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. పెద్ద సదస్సు మన ఊరికి వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఆ మధ్య ఏళ్లను నింపేవి నేను మొదట చెప్పిన వరండా లాంటి ఒక్కరోజు సమావేశాలే. వాటికి పేరూ ఉండదు, వార్తా రాదు.

ఇక పోస్టర్ల సంగతి. సదస్సు కార్యక్రమం కాగితంలో పోస్టర్ల పూట ఎప్పుడూ భోజనం పక్కనే ఉంటుంది, అదేదో తీరిక వేళ వ్యవహారం అన్నట్టు. దీప ప్రజ్వలన గంటసేపు సాగుతుంది. శాలువాలు, పూలబొకేలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథికి ఆయన బయోడేటా ఆయనకే చదివి వినిపించడం. ఇవన్నీ తినేసిన కాలం పోస్టర్ల పూటలోంచే కోస్తారు. ఫ్లెక్సీ మీద అతిథి ఫొటో పెద్దది, పరిశోధన చేసిన విద్యార్థి పేరు చిన్నది. సర్టిఫికెట్ కోసమే వచ్చేవాళ్లూ ఉంటారు. ఇదంతా నిజమే. అయినా ఆ కుదించిన ముప్పావుగంటలో జరిగేది ఇంకెక్కడా జరగదు. మైకు లేదు, వేదిక లేదు. విద్యార్థికీ, చూసేవాళ్లకూ మధ్య చేతి దూరం. చూసేవాళ్లు వేలు పెట్టి చూపించి అడగొచ్చు.

అనుభవం ఉన్న కన్ను పోస్టరును పై నుంచి కిందికి చదవదు. శీర్షిక వదిలేస్తుంది, పీఠిక వదిలేస్తుంది, నేరుగా ఫొటో దగ్గరికి పోతుంది. ఫొటోలో పక్కన స్కేలు ఉందా? బిళ్లలు మరీ దగ్గర దగ్గరగా పెట్టి వలయాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయా? వలయం అంచు గీసినట్టు ఉందా, మసకగా ఉందా? ఖాళీ ప్లేటు, అంటే ఏమీ వేయకుండా ఉంచినది, పక్కన పెట్టారా? ఆ ఖాళీ ప్లేటు లేకపోతే మిగతా ప్లేట్లలో ఉన్నదేదీ సాక్ష్యం కాదు. కంపెనీల నుంచి వచ్చినవాళ్లు సొంత పోస్టర్లు పెట్టలేరు కానీ వెనక నిలబడి ఈ ఖాళీ ప్లేటు ప్రశ్న తప్పకుండా అడుగుతారు. రాత్రి షిఫ్టుల్లో వేలసార్లు ఖాళీ ప్లేటు చూసిన కళ్లు వాళ్లవి.

పనిని పదిమందిలో పెట్టి చూపించడం ఈ శాస్త్రానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. 1881లో లండన్‌లో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగితే, జర్మనీ నుంచి వచ్చిన రాబర్ట్ కాఖ్ ఉపన్యాసంతో సరిపెట్టలేదు. గట్టి మీడియా మీద బ్యాక్టీరియాను విడదీసి పెంచడం ఎలాగో చేసి చూపించాడు. చూసినవాళ్లలో లూయీ పాశ్చర్ ఉన్నాడు. ఇద్దరికీ పడదు, అయినా ఆ పనితనం గొప్పదని పాశ్చర్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది మార్చి 24 సాయంత్రం బెర్లిన్ ఫిజియలాజికల్ సొసైటీలో కాఖ్ క్షయ క్రిమి గురించి చెప్పినప్పుడు తన ప్రయోగశాలనే మోసుకొచ్చినంత పని చేశాడు. మైక్రోస్కోపులు, పరీక్ష నాళికలు, రంగు వేసిన స్లైడ్లు, అన్నీ బల్లల మీద పేర్చాడు. ఉపన్యాసం ముగిశాక ఎవరూ చర్చకు దిగలేదు, లేచి ఒక్కొక్కరే మైక్రోస్కోపుల దగ్గరికి వెళ్లారు. నా దృష్టిలో అదే మొదటి పోస్టర్ల పూట.

కాఖ్ దగ్గర మొదట్లో వాడింది జెలటిన్. వెచ్చబడితే కరిగి నీరవుతుంది. మే నెలలో పటాన్‌చెరు ఎండకు అది ల్యాబులో గంట నిలవదు. దాని బదులు అగర్ వాడమని చెప్పింది శాస్త్రవేత్త కాదు, కాఖ్ దగ్గర పనిచేసే హెస్సె భార్య ఫానీ. జెల్లీలు చేయడానికి ఆమె వంటింట్లో వాడుకునే సరుకది. మన వంటిళ్లలో చైనా గ్రాస్ అని పాలల్లో వేసి గడ్డకట్టిస్తామే, అదే. 1887లో పెట్రి అనే మరో సహాయకుడు దానికి మూతగల గాజు పళ్లెం జోడించాడు. అప్పటి నుంచి ఇప్పటివరకు మా బల్ల మీద పెద్దగా మారిందేమీ లేదు.

పటాన్‌చెరులోనే ఒక పనితనం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం వెలితిగా ఉంటుంది. 1972లో ఇక్కడ ఇక్రిశాట్ వచ్చింది. వేరుశనగ, జొన్న, కంది, శనగ లాంటి మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ. దాని వైరస్ ల్యాబును చాలాకాలం నడిపిన శాస్త్రవేత్త డి.వి.ఆర్. రెడ్డి. వేరుశనగ ఆకులో వైరస్ ఉందో లేదో చెప్పడానికి ఎలీసా పరీక్ష చేస్తారు. తొంభై ఆరు గుంటల ప్లాస్టిక్ పళ్లెం, వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీ, దానికి తగిలించిన ఎంజైము. ఎంజైము రంగు మారిస్తే వైరస్ ఉన్నట్టు. మామూలుగా వాడే ఎంజైములు దిగుమతి సరుకు, ఖరీదు. చిన్న ల్యాబుకు, ఆఫ్రికా నుంచి శిక్షణకు వచ్చిన శాస్త్రవేత్తకు అందవు.

రెడ్డి, ఆయనతో పనిచేసిన సుదర్శన కలిసి 1989లో ప్రచురించిన పద్ధతిలో తగిలించిన ఎంజైము పెన్సిలినేజ్. పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైము ఇది. బ్యాక్టీరియా మందుకు లొంగకుండా మొండికేసేందుకు వాడే ఆయుధాల్లో ఒకటి. డాక్టర్లకు శత్రువు. దాన్నే వీళ్లు కూలికి పెట్టుకున్నారు. గుంటలో పెన్సిలిన్, దాంతోపాటు బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక రంగు. వైరస్ ఉంటే యాంటీబాడీ నిలబడుతుంది, దాని వెంట పెన్సిలినేజ్ నిలబడుతుంది, పెన్సిలిన్‌ను విరుస్తుంది. విరిగిన పెన్సిలిన్ ఆమ్లమవుతుంది, ఆమ్లం తగలగానే నీలం రంగు పసుపుకు తిరుగుతుంది. కంటితోనే చూడొచ్చు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు. పెన్సిలిన్ మందుల దుకాణంలో దొరికే సరుకే.

దగ్గర్నుంచి చూస్తే ఇందులో నాకు నచ్చేది పొదుపు ఒక్కటే కాదు, పొందిక. కావాల్సిన ప్రతి వస్తువూ చేతికి అందే చోట ఉంది. రంగు మార్పు పొలంలో పనిచేసేవాళ్లకూ అర్థమవుతుంది. పరీక్ష ఫలితం నమ్మడానికి పక్కన ఆరోగ్యంగా ఉన్న ఆకు రసం గుంట ఒకటి నీలంగా మిగిలి ఉండాలి. మళ్లీ అదే, ఖాళీ ప్లేటు. అదే ల్యాబులో తర్వాత వేరుశనగలోని అఫ్లటాక్సిన్ అనే బూజు విషాన్ని పట్టే చవక ఎలీసా కూడా తయారైంది. అందులో రంగు తీరు తలకిందులు. విషం ఎక్కువైన కొద్దీ రంగు తగ్గుతుంది. శిక్షణలో కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే.

యాంటీబయాటిక్‌లు తయారుచేసే ఊళ్లో, యాంటీబయాటిక్‌ను చంపే ఎంజైముతో రోగం పట్టే పరీక్ష. ఆ పద్ధతిని రాసినవాళ్లకు ఈ వింత తోచిందో లేదో గానీ ఇక్కడ పనిచేసిన మాకు తోచకుండా ఉండదు.

ఎందుకంటే ఈ ప్రాంతం పేరు ప్రపంచ మైక్రోబయాలజీ పత్రికల్లో ఎక్కువసార్లు అచ్చయ్యింది ఇక్రిశాట్ వల్ల కాదేమో, నీటి వల్ల. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ప్రచురించారు. ఆ కేంద్రానికి దాదాపు 90 మందుల కంపెనీల మురుగు వచ్చేది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. రోజుకు దాదాపు 45 కిలోలు వాగులోకి పోతోందని లెక్క కట్టారు. స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో మింగేంత.

2013లో వచ్చిన మరో పరిశోధన చేతిపని పరంగా నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. పుణె, స్వీడన్ శాస్త్రవేత్తలు కలిసి చేసినది. అలాంటి శుద్ధి కేంద్రంలోంచి 93 రకాల బ్యాక్టీరియాను విడదీసి, ఒక్కోదాన్ని 39 యాంటీబయాటిక్‌లకు ఎదురు నిలబెట్టారు. నూటికి 86 రకాలు ఇరవై లేదా అంతకన్నా ఎక్కువ మందులకు లొంగలేదు. శీర్షికల్లో కనబడేది ఈ అంకె. దాని వెనక ఉన్న పని లెక్కపెట్టండి. తొంభై మూడింటినీ చేటతో చెరిగినట్టు విడదీయాలి, ఒక్కోటి స్వచ్ఛమైనదో కాదో మళ్లీ గీసి చూడాలి, పేరు తేల్చాలి, ముప్పై తొమ్మిది మందుల దగ్గర ఒక్కో ఫలితం చదవాలి. మూడున్నర వేలకు పైగా ఫలితాలు. ఒక్క గీత తప్పినా రెండు జీవులు కలిసిపోయి, ఒకటి లొంగి, ఒకటి లొంగక, లెక్క చెదిరిపోతుంది. అంత ఓపికకు నేను దణ్ణం పెడతాను. ఆ నీరు నక్కవాగులోకి పోయేదన్న, నక్కవాగు మంజీరలో కలుస్తుందన్న సంగతి ఓపికగా చదవగలిగేది కాదు గానీ.

ఈ పరిశోధనల గురించి మా కంపెనీల్లో పైకి మాట్లాడేవాళ్లం కాదు. క్యాంటీన్లో గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి ఈ నీటి గురించి పోరాడుతుంటే మేం పేపర్లో చదివి పేజీ తిప్పేవాళ్లం. జీతం వచ్చే చేతికి వాగు వైపు వేలు చూపడం కష్టం. నేను ఇది గొప్పగా చెప్పడం లేదు. ఎవరి ప్లేట్ల మీద ఏం మొలుస్తోందో అందరికన్నా బాగా తెలిసినవాళ్లం మేమే.

సదస్సు వరండాలో ఈ మౌనపు గోడకు ఒక సందు దొరుకుతుంది. కాలేజీ పిల్లకు భయం లేదు. బస్సు దిగి సీసాతో వాగు దగ్గరికి పోయి మట్టి తెస్తుంది, గీస్తుంది, బిళ్లలు పెడుతుంది, ఫొటో తీసి గోడకు గుచ్చుతుంది. కంపెనీ నుంచి సెలవు పెట్టి వచ్చిన మనిషి వాగు గురించి ఒక్క మాటా అనడు. కానీ ప్లేటు గురించి అంటాడు. “కల్చర్ సాంద్రత ఎట్ల సరిచేసినవ్?” అంటాడు. “కల్చర్ పూశాక బిళ్లలు పెట్టేందుకు ఎంతసేపు పట్టింది? పావుగంట దాటితే లెక్క కాదు” అంటాడు. ఆ మాటలతో ఆ పిల్ల ప్లేటు గట్టిపడుతుంది. వచ్చే ఏడాది ఆ ప్లేటును ఎవరూ కొట్టిపారేయలేరు. ఆయన చేయగలిగిన సాయం అంతే, అది చిన్నదేమీ కాదు.

ఆరోజు మధ్యాహ్నం ముగింపు సభ మొదలైంది. పోస్టర్లు తీసేయమని మైకులో చెప్పారు. కాలేజీ అటెండరు ఒక్కో బోర్డు దగ్గర గుండుసూదులు పీకి డబ్బాలో వేసుకుంటూ వస్తున్నాడు. అమ్మాయికి బహుమతి రాలేదు. మూడో బహుమతి వచ్చిన పోస్టరులో ఖాళీ ప్లేటు లేదని నేను గమనించాను, జడ్జిలు గమనించలేదు.

ఆ లెక్చరరు ఇంకా అక్కడే ఉన్నారు. హ్యాండ్‌బ్యాగులోంచి ఒక చిన్న స్టీలు స్కేలు తీసి అమ్మాయి చేతిలో పెట్టారు. అగర్ గడ్డకట్టాక ఒక ప్లేటు బలిచ్చి, చాకుతో ముక్క కోసి, నిలబెట్టి కొలవమన్నారు. ఒక్క చోట కాదు, మూడు చోట్ల. బల్ల ఒరిగి ఉంటే ఒక పక్క మందం, ఒక పక్క పలచన వస్తుందట. “మీ ల్యాబు బల్ల సమంగా ఉందా?” అనడిగారు.

“తెలీదు మేడమ్.”

“ఒక గోలీ తీసుకెళ్లి బల్ల మీద పెట్టు. ఎటు దొర్లుతుందో చూడు.”

అమ్మాయి పోస్టరు చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. స్కేలు తిరిగి ఇవ్వబోతే ఆవిడ వద్దన్నారు. గేటు బయట సంగారెడ్డి ఆటోలు అరుస్తున్నాయి. కంది వైపు పోయే బస్సు వచ్చింది, ఆ పిల్ల పోస్టరు తల మీద ఎండకు అడ్డం పెట్టుకుని పరుగెత్తి ఎక్కింది.